మావయ్య బొటనవేలు

ఆ వీధిలో బోర్డు లేని కొట్టు ఒక్కటే ఉండేది. అది బోర్డులు చెక్కే కొట్టు.

మంగలి షాపు మీద కత్తెరా దువ్వెనా అల్లుకున్న బోర్డు, టైలరు గుమ్మం మీద దారపు ఉండ దొర్లిపోతున్నట్టుండే బోర్డు, పళ్ళ డాక్టరు మెట్ల దగ్గర అక్షరాలన్నీ పళ్ళికిలించే బోర్డు, అన్నీ ఆ కొట్లోంచి పోయినవే. ఆ కొట్టుకి మాత్రం ముందు గోడమీద ఒక తుప్పు పట్టిన మేకు ఉండేది, ఆ మేకుకి ఒక గొడుగు వేలాడేది. కొత్తవాళ్ళు అది గొడుగులు బాగుచేసే చోటనుకుని విరిగిన గొడుగులు పట్టుకొచ్చేవాళ్ళు. దీపం కింద చీకటంటే ఇదేనని వీధి వీధంతా నవ్వుకునేది. కొట్టు యజమాని పెద్దాయన మాత్రం గడ్డం ఎగరేసి, "మన పనికి బోర్డెందుకు? కావలసినవాడు వెతుక్కుంటూ వస్తాడు" అనేవాడు. అలా వెతుక్కుంటూ బయల్దేరినవాళ్ళలో సగంమంది మలుపులో ఉన్న రెడీమేడ్ ఫర్నిచరు షాపు దగ్గరే ఆగిపోతున్నారని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

పెద్దాయనకి ఒక్కడే కొడుకు. ఆ కొడుకు చెక్క జోలికి పోకుండా బస్సు కండక్టరయ్యాడు. నాన్న దగ్గర పని నేర్చుకోవడం కన్నా కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి టిక్కెట్లు కొట్టడం నయమని అతని సిద్ధాంతం. ఇక మిగిలింది కోడలు. కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె కొట్లో చెక్కపొట్టు ఊడ్చింది. తర్వాత గరుకు కాగితం రుద్దింది. ఒకసారి మావయ్యకి జ్వరం వచ్చి పడుకుంటే, సగంలో ఆగిన తీగ ఒకటి ఎవరూ చెప్పకుండానే పూర్తి చేసింది. జ్వరం తగ్గి లేచొచ్చిన మావయ్య ఆ తీగను చూశాడు. మర్నాడు ఒక ఉలి తెచ్చి ఆమె ముందు పడేశాడు. అంతే, అలా మొదలైంది. ఇప్పుడు ఆ కొట్లోంచి బయటికి పోయే పనిలో ముప్పాతిక ఆమె చేతిదే, పేరు మాత్రం మావయ్యది. పేరు సంగతి ఆమెకి పట్టలేదు. నిజంగానే పట్టలేదు. ఆమె బాధల్లా మావయ్య బొటనవేలు.

ఏ చెక్కయినా గడప దాటేముందు మావయ్య కళ్ళు మూసుకుని దాని మీద కుడిచేతి బొటనవేలు నడిపించేవాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, అక్షరాల మీదుగా, ఆకుల మీదుగా, సందుల్లోకి దిగి పైకి లేస్తూ. "కళ్ళు మోసపోతాయమ్మాయ్. వేలు మోసపోదు" అనేవాడు. ఎక్కడో ఒకచోట ఆ వేలు ఆగేది. "ఊఁ" అనేవాడు. ఉలి అందుకుని అక్కడొక గాటు పెట్టేవాడు, గోరంత పేడు రాలేది. ఆ గాటు పడితేగానీ పని అయినట్టు కాదు. బాగుందన్న మాట ఆయన నోట పుట్టి బుద్ధెరిగి ఎవరూ విని ఎరగరు. ఆ కొట్లో మెప్పంటే ఒక్కటే, ఉలి పెట్టకుండా వదిలెయ్యడం. ఆ మెప్పు ఇంతవరకు ఎవరికీ దక్కలేదు.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క ముక్క మీద ఆ వేలు ఎక్కడా ఆగకుండా అవతలి అంచు దాకా వెళ్ళిపోవాలి. కోడలికి ఉన్న కోరికంతా అదే. ఆ ఇంట్లో ఆమె నగలడగలేదు, చీరలడగలేదు. ఇది కూడా నోరు తెరిచి అడగలేదనుకోండి, అడిగితే దక్కేది కాదు కాబట్టి.

"నువ్వొట్టి పిచ్చిదానివే" అనేది అత్తగారు. "నీ చెక్కలో ఉలి పెడితే అంత ఉడుక్కుంటున్నావ్, నా సంగతేం చెప్పమంటావ్? కూర దింపగానే ఉప్పు డబ్బా లాక్కుంటాడు. నోట్లో ముద్ద పెట్టుకుని, చప్పగా ఉందని వేస్తే అది వేరు. రుచి చూడకుండానే వేసేస్తాడు! చిటికెడు తీసి గిన్నెలో పడేస్తే తప్ప ఆ మనిషికి ముద్ద దిగదు."

నిజం చెప్పాలంటే అత్తగారి కూరల్లో ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు తక్కువే ఉండేది. ఇన్నేళ్ళుగా వండుతున్న మనిషికి ఉప్పు అందాజు తెలియకపోవడమేమిటో కోడలికి అర్థమయ్యేది కాదు. పెద్దావిడ, పోనీలే అని ఊరుకునేది.

అలా రోజులు గడుస్తుండగా చేతిపనుల సంఘం వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. అసలైన చేతిపని కొట్లేవో స్వయంగా వచ్చి చూసి గుర్తింపు ఇస్తారట. గుర్తింపు ఉన్నవాళ్ళకే ఇకమీదట సంఘం పనులు పంపుతుందట. అయితే, వాళ్ళు వచ్చేసరికి కొట్టుకి చేత్తో చెక్కిన బోర్డు ఉండి తీరాలట.

మావయ్య ఎగిరిపడ్డాడు. "నా కొట్టుకి నేను బోర్డు పెట్టుకోవాలా? నేనెవరో వాళ్ళకి తెలీదూ?"

"ఎందుకు తెలీదు? గొడుగులు బాగుచేస్తారని అందరికీ తెలుసు" అంది అత్తగారు లోపల్నుంచి.

ఆయన సాయంత్రం కొట్లోకి వచ్చి, పనిబల్ల వైపు చూడకుండా, "అమ్మాయ్, ఆ బోర్డేదో నువ్వే చెక్కు" అన్నాడు.

కోడలి చేతిలో గరుకు కాగితం జారి కిందపడింది. "నేనా? మన కొట్టు బోర్డా?"

"నువ్వు కాకపోతే నీ మొగుడు చెక్కుతాడా? నాకు వేరే పనులున్నాయి."

ఏం పనులో ఆ దేవుడికే తెలియాలి. ఈమధ్య ఆయన చేస్తున్న పనల్లా ఉలులకి పదును పెట్టడమే. పెట్టినదానికే మళ్ళీ పెట్టేవాడు. కోడలికి అవేమీ తట్టలేదు. సొంత కొట్టు బోర్డు తన చేతిలో పెట్టాడు! ఆయన వేలు ఆగకుండా పోవలసిన ముక్క ఏదైనా ఉందంటే అది ఇదే. ఈసారి కాకపోతే ఈ జన్మకి లేదని నిశ్చయించుకుంది.

బోర్డు మీద ఏం రాయాలని అడిగితే, "పేర్లూ ఊర్లూ వద్దు. 'చేతిపని' అని రాయి, చాలు" అన్నాడు మావయ్య. అటక మీద చాలాకాలంగా ఆరుతున్న మంచి టేకు పలక దింపింది. మధ్యలో అక్షరాలు, చుట్టూ ఆకుల తీగ. మన అక్షరాల్లో నిటారు గీతలు తక్కువ, అన్నీ గుండ్రాలే. చెక్కేమో ఒకే దిక్కు చారలతో ఉంటుంది. గుండ్రం తిరిగే ప్రతిచోటా అది మొండికేస్తుంది. చారల వాలు చూసి ఉలి దిక్కు మార్చుకుంటూ బుజ్జగించుకుంటూ పోవాలి, లేదంటే పేడు లేచిపోయి అక్షరానికి చెవి తెగుతుంది. ఆమె ఒక్క చెవి కూడా తెగనివ్వలేదు. అక్షరాలు పైకి లేచి కనబడాలంటే వాటి వెనక చెక్కను లోతుగా తీసెయ్యాలి, ఆ లోతు భాగాన్ని ఆ కొట్లో 'నేల' అంటారు. నేల ఎక్కడ చూసినా ఒకే మట్టంలో ఉండాలి. ఆమె తీసిన నేల మీద గోళీ పెడితే ఎటూ దొర్లేది కాదు. పెట్టి చూసింది కూడా.

మర్నాడు బజారుకి వెళ్ళి వచ్చి చూస్తే, "తి" పక్కన నేల కాస్త దిగి ఉంది.

ఎవరు దింపారో వేరే చెప్పాలా? మావయ్య ఏమీ ఎరగనట్టు ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. కోడలికి ఒళ్ళు మండిపోయింది. పని పూర్తికాకముందే వేలు పెట్టడం ఏనాడూ లేదు! ఒకచోట నేల దిగాక ఇంకేం చేస్తుంది? పళ్ళు కొరుక్కుంటూ మిగతా నేలంతా ఆ మట్టానికి దింపింది. ఆ మర్నాడు మళ్ళీ అక్కడే, ఇంకాస్త దిగింది. ఆమె మళ్ళీ అంతా దింపింది. ఆయన మళ్ళీ...

"మావయ్యా, ఏదైనా బాగోకపోతే చెప్పొచ్చుగా?" అని ఉండబట్టలేక అడిగింది.

"నేనేమన్నా అన్నానా?"

"అనలేదు. చేశారు."

"నేల పైకి ఉంది, తీశాను. అందులో తప్పేముంది?"

"పైకి ఎక్కడుంది? గోళీ పెట్టి చూడండి!"

"గోళీ! వేలు ఉండగా గోళీ ఎందుకు నాకు?" అని విసురుగా లేచిపోయాడు.

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం? పోనీ కోడలైనా ఊరుకుందా అంటే ఆమెదీ ఆ ఇంటి గాలే. 'తి' పక్కన అలా వదిలేస్తే పోయేది. మావయ్యే గెలిచినట్టవుతుందని వదల్లేదు. ఇలా ఒకరు తీసింది ఇంకొకరు సరిచేస్తూ, సరిచేసింది మళ్ళీ తీస్తూ, పనిబల్ల కింద పేళ్ళ గుట్ట పెరిగింది, పైన బోర్డు తరిగింది. కండక్టరు కొడుకు ఒకరోజు దాన్ని ఎత్తి చూసి, "ఏంటిది, ఇలా చిక్కిపోయింది? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. మామా కోడలూ ఒకేసారి అతనికేసి గుర్రుగా చూశారు. ఆ బోర్డు విషయంలో వాళ్ళిద్దరూ ఏకమైంది ఆ ఒక్కసారే.

సంఘం వాళ్ళు వచ్చే రోజు రానే వచ్చింది. కోడలు బజారు నుంచి కూరగాయల సంచీతో కొట్లోకి అడుగుపెట్టేసరికి, బోర్డు కిటికీకి ఆనించి నిలబెట్టి ఉంది. 'తి' పక్కనుంచి ఒక ఎండ ముక్క వచ్చి నేల మీద పడింది. అసలు నేల మీద, సిమెంటు నేల మీద. బోర్డుకి చిల్లు పడింది.

మావయ్య చేతిలో ఉలి అలాగే ఉంది. కుండ పగలగొట్టిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"చెక్కలోనే ఏదో లోపం ఉందమ్మాయ్" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ఆమెకి అరవాలనిపించింది, ఏడవాలనిపించింది, ఆ సంచీలో ఉన్న కాకరకాయలన్నీ ఆయన మీదికి విసరాలనిపించింది. ఇన్నాళ్ళూ ఏ ముక్క కోసం కాచుకుందో ఆ ముక్క పోయింది. వేలు ఆగడం అలా ఉంచి, ఏకంగా అటువైపుకి వెళ్ళిపోయింది. కానీ ఏడవడానికి వ్యవధి లేదు. ఆరిన పలక ఇంకొకటి లేదు. వాళ్ళు వచ్చే వేళయింది.

సంచీ పక్కన పెట్టింది. బోర్డు చేత్తో తట్టి చూసింది. నేలంతా అట్టముక్కంత పల్చబడింది. ఒక చిల్లుంటే తప్పు గానీ అంతా చిల్లులే అయితే ఎవడు తప్పంటాడు? "గట్టిగా పట్టుకోండి" అంది. ఆయన మారుమాట లేకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె అక్షరాలనీ తీగనీ అక్కడక్కడా కలిపి ఉంచి, మిగతా నేలంతా సన్న ఉలితో తడుతూ రాల్చేసింది. 'చే' ఏత్వం ఒక ఆకుని పట్టుకుంది, 'ని' గుడి తీగలోకి కలిసిపోయింది. చివరి పేడు రాలేసరికి అక్షరాల వెనక చెక్క లేదు, వీధి కనబడుతోంది. గొడుగు తీసేసి దాన్ని మేకుకి తగిలించారు.

సంఘం అధ్యక్షుడు నల్ల కళ్ళజోడుతో, వెనక నలుగురితో దిగాడు. బోర్డు కింద ఆగి, తల పైకెత్తి చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఇది... మీ చేతిపనేనా?" అని మావయ్యని అడిగాడు.

ఆ గొంతు విని మావయ్య హడలిపోయాడు. "అబ్బెబ్బే! నేను ఉలి కూడా పెట్టలేదండీ. అంతా మా కోడలి పనే. మొదటినుంచీ చివరిదాకా అమ్మాయే. నాకేం సంబంధం లేదు" అన్నాడు గబగబా.

నలుగురి ఎదుట, వీధి నడిబొడ్డున, మావయ్య నోటివెంట 'నేను ఉలి పెట్టలేదు' అన్న మాట! కోడలు ఎన్నాళ్ళనుంచో వినాలని తపించిపోయిన మాట. వచ్చింది చివరికి, తప్పు ఆమె నెత్తిన రుద్దడానికి వచ్చింది. ఇంత ద్రోహం ఉంటుందా అని ఆమె కళ్ళనీళ్ళు ఆపుకుంటూ ఆయనకేసి చూసింది. ఆయన మేకుకేసి చూస్తున్నాడు.

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "అద్భుతం!" అన్నాడు. "ఉన్న చెక్కని ఎవరైనా చెక్కుతారు. లేనిదాన్ని చెక్కడం చూశారా! ఈ అక్షరాలు రాసింది ఉలి కాదయ్యా, వెలుతురు!"

వెనకున్న నలుగురూ వెలుతురు, వెలుతురు అన్నారు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారికి ఉన్నట్టుండి దగ్గొచ్చి లోపలికి పోయింది. అది దగ్గు కాదని కోడలికి తెలుసు.

"ఇంత సాహసం ఎలా వచ్చిందమ్మా నీకు?" అన్నాడు అధ్యక్షుడు.

"మా మావయ్య నేర్పిందేనండీ" అంది కోడలు. అందులో అబద్ధమేమీ లేదు.

మావయ్య ఇరుక్కున్నాడు. పాపం, ఇప్పుడెలా అంటాడు, ఆ మొదటి చిల్లు నాదేనని? గుర్తింపు కోడలి పేరున వచ్చింది. వారం తిరగకుండా పుస్తకాల కొట్టాయన వచ్చి చిల్లుల బోర్డు కావాలన్నాడు. మంగలి ఉన్న బోర్డుకే నాలుగు చిల్లులు పెట్టమన్నాడు.

"చిల్లులకింత గిరాకీ ఉందని తెలిస్తే నా పాత గిన్నెలన్నీ దాచేదాన్ని" అంది అత్తగారు.

పుస్తకాల కొట్టు బోర్డు కోడలు ఒక్కతే చెక్కింది. ఈసారి మధ్యలో ఎవరూ వేలు పెట్టలేదు. పూర్తయ్యాక పనిబల్ల మీద పెట్టి దూరంగా నిలబడింది. మావయ్య వచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు ఈ అంచున పెట్టి నడిపించాడు. అక్షరాల మీదుగా వెళ్ళింది, సందుల్లోకి దిగింది, లేచింది, తీగ వెంట సాగింది. ఎక్కడా ఆగలేదు. అవతలి అంచుకి చేరింది. ఆయన కళ్ళు తెరిచి, ఉలి వైపు కూడా చూడకుండా పెరటి వైపు వెళ్ళిపోయాడు.

అయిపోయింది! వచ్చేసింది! అత్తయ్యకి చెబుదామని రెండడుగులు వేసి, మళ్ళీ ఒక్కసారి ఆ ముక్కని చూసుకుందామని వెనక్కి తిరిగింది. అప్పుడు కనబడింది. తీగ సగం నుంచి చివరి ఆకు దాకా సన్నటి ఎర్రటి చార. తడి నెత్తురు.

పెరట్లో మెట్టు మీద కూర్చుని ఆయన టీ తాగుతున్నాడు. గ్లాసుకి కూడా ఎర్రటి మరకలు. బొటనవేలి మెత్తని భాగంలో చెక్కపేడు ఒకటి సగానికి పైగా దిగబడి ఉంది.

"మావయ్యా, వేలు..."

ఆయన వేలు ఎత్తి చూసుకున్నాడు. అది తనది కాదు, ఇంకెవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత తువ్వాలు కింద దాచబోయాడు. ఆమె దాయనివ్వలేదు. పక్కన కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పేడు లాగింది. ఆయన మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏమో. మొదట చలికి అనుకున్నాను. తర్వాత ఉలిపిడి ఒరుసుకుని కాయకాసిందనుకున్నాను" అన్నాడు. "అందుకే మన బోర్డు నీకిచ్చాను. ఇచ్చి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేకపోయాను. వేలికి సగం స్పర్శ పోయి, పెట్టిన ప్రతిసారీ నేల ఇంకా పైకే ఉన్నట్టుండేది. నువ్వు సరిగ్గా తియ్యలేదనుకుని తీసేవాణ్ణి."

ఆమె తన చీరకొంగు చింపి వేలికి చుట్టింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "మరి ఇందాక... పుస్తకాల కొట్టు బోర్డు మీద ఎక్కడా ఆగలేదు కదా?"

"ఏం తగల్లేదమ్మాయ్. ఎక్కడా ఏమీ తగల్లేదు." ఆయన ఆమె మొహంలోకి చూసి, ఏదో ఇవ్వాలన్నట్టు, "బాగానే చెక్కి ఉంటావులే" అన్నాడు.

ఉంటావులే. ఇన్నేళ్ళ తర్వాత ఆ నోట వచ్చిన మొదటి మెప్పు అది. ఆమెకి ఏడుపు ఆగలేదు. మెప్పు కోసం కాదు. అది వద్దు ఆమెకి. ఆ వేలు ఆగి, ఊఁ అని, ఉలి తెమ్మని ఆయన కసురుకుంటే చాలు.

"మీ అత్తయ్యకి చెప్పకు" అన్నాడు ఆయన.

వంటింట్లోకి రాగానే, "చెప్పాడా?" అంది అత్తగారు.

"మీకు తెలుసా?"

"చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారనుకున్నావ్? ముసలితనంలో సరసమనుకుంటున్నాడు మీ మావయ్య. నాకు తెలుసని ఆయనకి చెప్పకు. పళ్ళ డాక్టరు కాదు, అసలు డాక్టరు దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళాలి." ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. "ఉప్పు డబ్బా లాక్కోవడం కూడా మానేశాడు. చిటికెడు పట్టలేకపోతున్నాడు."

నిజమే. ఈమధ్య కూరలు మరీ చప్పగా ఉంటున్నాయని కండక్టరు కొడుకు సణుగుతున్నాడు.

డాక్టరు చూసి, ఏదో నరం దెబ్బతిందనీ, స్పర్శ తిరిగి వచ్చినా మెల్లగా రావలసిందేననీ మందులిచ్చాడు. మావయ్య కొట్లోకి రావడం తగ్గించాడు. వచ్చినా అతిథిలా ఒక మూల కూర్చునేవాడు. పదును పెట్టడం కూడా మానేశాడు. ఆ కొట్లో అంత నిశ్శబ్దాన్ని కోడలు ఎన్నడూ ఎరగదు.

తర్వాతి బోర్డు మంగలిది, నాలుగు చిల్లులతో సరిపెట్టుకోక చివరికి కొత్తదే కావాలన్నాడు. చుట్టూ తీగ, తీగకి ఆకులు, ఆకులన్నీ పైకి చూస్తూ. కోడలు అన్నీ సరిగ్గానే చెక్కుకుంటూ వచ్చి, కుడివైపు మూలలో ఒక ఆకుని తలకిందులుగా తిప్పేసింది. వీధి అవతలి నుంచి చూసినా కనబడేంత తప్పు. ఆ ఆకు దగ్గర మాత్రం చెక్కని మిగతాచోట్ల కంటే బాగా దళసరిగా వదిలింది. స్పర్శ లేని చెయ్యి ఎంత లోతుకి పోతుందో ఆమెకి తెలుసు. సొంత బోర్డు మీద రోజూ చూసింది కదా. ఉలిపిడి జారకుండా గుడ్డ చుట్టి, పక్కనే పెట్టి, "మావయ్యా, ఒకసారి చూడండి" అని లోపలికి వచ్చేసింది.

ఆయన అలవాటు కొద్దీ కళ్ళు మూసి వేలు నడిపించి ఉంటాడు. తర్వాత కళ్ళు తెరిచి ఉంటాడు. కోడలు వంటింటి తలుపు పట్టుకుని చెవి ఒగ్గింది.

"ఏమేవ్!" అని కొట్టు అదిరిపోయేలా కేక వినిపించింది. "నీ కోడలేం చేసిందో వచ్చి చూడు! నాలుగు రోజులు నేను పట్టించుకోకపోతే ఇదీ వరస! ఆకు కిందికి చూస్తుందా? ఎక్కడైనా ఆకు నేలచూపులు చూస్తుందా? గుర్తింపట గుర్తింపు! పిలవండి ఆ నల్ల కళ్ళజోడాయన్ని, చూపిస్తాను!"

"తప్పయిపోయింది మావయ్యా" అంది కోడలు, తల వంచుకుని.

"తప్పయిపోయిందంటే సరిపోతుందా? ఇలా తే ఉలి."

ఇచ్చింది. ఆయన ఆ ఆకు మీద వంగాడు. కళ్ళు తెరుచుకునే చెక్కాడు, ఒక్క గాటు కాదు, సాయంత్రం దాకా. చెయ్యి పోవలసినదానికన్నా లోతుకి పోయింది, అక్కడ చెక్క ఉంది. ఇంకా పోయింది, ఇంకా ఉంది. చివరికి ఆ ఆకు పైకి తిరిగింది. కాస్త బొద్దుగా, మిగతావాటికంటే మొండిగా. ఆ బోర్డు మొత్తంలో కోడలికి నచ్చింది అదొక్కటే.

అన్నాల దగ్గర ఆయన మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఉప్పు డబ్బా ఆయన కంచం పక్కనే ఉంది. అందులో ఒక కొత్త చెంచా ఉంది. ఆయన రుచి చూడకుండానే చెంచాడు ఉప్పు తీసి కూరలో వేసి కలిపాడు. "నేను చెయ్యి పెట్టకపోతే ఈ ఇంట్లో ఏదీ తెమలదు" అన్నాడు. కొడుకు తిని, చాన్నాళ్ళకి కూర కుదిరిందన్నాడు.

గిన్నెలు సర్దేటప్పుడు కోడలు అడిగింది. "అత్తయ్యా, ఇవాళ కూరలో ఉప్పు అసలు వెయ్యలేదా?"

"ఏనాడు సరిపడా వేశాననీ?" అంది అత్తగారు గిన్నె తోముతూ. "కాపరానికొచ్చిన కొత్తలో ఒక్కసారి సరిగ్గా వేశాను. అప్పటికింకా రుచి చూసి వేసేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, డబ్బా చేత్తో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలీక అలా ఉండిపోయాడు. ఆ మొహం మళ్ళీ చూడాలనిపించలేదే."

కోడలు చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అత్తగారు ఆ గిన్నె లాక్కుని కడిగి బోర్లించింది.

"నువ్వు మాత్రం రోజూ ఆకునే తిప్పకు" అంది. "మొద్దుబారింది వేలే, బుర్ర కాదు."